ఎనిమిది టీములు మారినవాడి గురించి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి రాస్తున్నాను. పదిహేనేళ్ళ నుంచి మీ పేపర్ ఈ-పేపర్లో చదువుతున్నాను, పొద్దున్నే కాఫీతో పాటు ముందు స్పోర్ట్స్ పేజీ చూసి తర్వాత మిగతావి చూడటం అలవాటు. ఇన్నేళ్ళలో మీకు ఎప్పుడూ ఉత్తరం రాయలేదు, ఇప్పుడు రాయకుండా ఉండలేకపోయాను.

గత ఆదివారం మీరు అమెరికా బేస్‌బాల్ జీతాల మీద ఒక వ్యాసం వేశారు. షోహెయ్ ఒటానీకి పదేళ్ళకి 700 మిలియన్ డాలర్లు, హువాన్ సోటోకి పదిహేనేళ్ళకి 765 మిలియన్ డాలర్లు, మన రూపాయల్లో అయితే ఎన్ని వేల కోట్లో బాక్స్ కట్టి మరీ వేశారు. అవన్నీ కరెక్టే, వాళ్ళు ఆ స్థాయి ఆటగాళ్ళే. నాకు గుచ్చుకుంది చివరి పేరాలో ఒక్క వాక్యం. వీళ్ళు కాక మిగతావాళ్ళంతా ఎక్కడా నిలదొక్కుకోలేక టీములు మారుతూ కెరీర్ ముగించేస్తారు అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ మాట చదివిన దగ్గర్నుంచి నా మనసులో ఒక మనిషి తిరుగుతూనే ఉన్నాడు. అతని పేరు రాజే డేవిస్. పేరు మొదటిసారి విన్నప్పుడు మనవాడేమో అనుకున్నాను, కాదు, కనెక్టికట్ రాష్ట్రంలో న్యూ లండన్ అనే చిన్న సముద్రపు ఊళ్ళో హైస్కూల్ చదివిన నల్లజాతి కుర్రాడు. పధ్నాలుగు సీజన్లు మేజర్ లీగ్స్‌లో, అంటే అమెరికా బేస్‌బాల్లో అన్నిటికన్నా పై స్థాయిలో, అవుట్‌ఫీల్డర్‌గా, అంటే మైదానం చివర ఫీల్డింగ్ చేసేవాడిగా ఆడాడు, ఎనిమిది టీములకి ఆడాడు. మీ వాక్యం ప్రకారం అయితే అతను ఎక్కడా నిలదొక్కుకోలేనివాడు. నేను అలా అనుకోవట్లేదు, ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం.

ఇలాంటి ఆటగాణ్ణి ఇక్కడ జర్నీమన్ అంటారు. తెలుగులో సరిగ్గా ఒక్క మాట దొరకలేదు నాకు, కానీ మనుషులు మాత్రం మనకి బాగా తెలుసు. మా ఊళ్ళో ఒక తాపీమేస్త్రీ ఉండేవాడు, సొంతంగా కాంట్రాక్టులు పట్టేవాడు కాదు, ఎవరు పిలిస్తే వాళ్ళ దగ్గర పని. ప్లాస్టరింగ్ దగ్గర గోడ మూల వంకర వస్తుంటే పెద్ద మేస్త్రీలే ఆయనకి కబురు పెట్టేవాళ్ళు, ఆయన వచ్చి తూకం గుండు వేలాడదీసి చూసి ఆ మూల సరిచేసి కూలి డబ్బులు తీసుకుని సైకిలెక్కి ఇంకో ఊరెళ్ళిపోయేవాడు. ఆయన కట్టిన ఇల్లు ఇదీ అని ఎవరూ ఏ ఇంటినీ చూపించరు, ఆయన చెయ్యి పడని ఇల్లు మాత్రం ఆ చుట్టుపక్కల తక్కువ. మన క్రికెట్లో కూడా ఉన్నారు, అంబటి రాయుడు రంజీల్లో హైదరాబాద్, ఆంధ్ర, బరోడా, విదర్భ అన్నీ తిరిగాడు, అతను ఇండియా దాకా వెళ్ళాడు కాబట్టి గుర్తుంది, వెళ్ళనివాళ్ళ పేర్లు మనకి ఎన్ని గుర్తున్నాయి చెప్పండి.

డేవిస్ విషయానికొస్తాను. 2001లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ టీమ్ అతన్ని డ్రాఫ్ట్‌లో తీసుకుంది, ఎన్నో రౌండ్లోనో తెలుసా, 38వ రౌండ్లో. డ్రాఫ్ట్ అంటే దేశం మొత్తం మీద హైస్కూల్, కాలేజీ కుర్రాళ్ళని టీములు వరస ప్రకారం ఒక్కొక్కళ్ళని ఎంచుకోవడం, ముప్పై టీములు, ఒక రౌండ్ అయ్యేసరికి ముప్పై మంది అయిపోతారు. అంటే ఇతని పేరు పిలిచేలోపు వెయ్యి మందికి పైగా కుర్రాళ్ళ పేర్లు పిలిచేశారు. పెద్ద కాలేజీ కూడా కాదు, కనెక్టికట్ యూనివర్సిటీకి ఏవరీ పాయింట్ అనే చోట ఉన్న చిన్న క్యాంపస్‌లో చదివాడు. అంత వెనకాల తీసుకున్నవాళ్ళలో చాలామంది పై దాకా రానే రారు, రెండు మూడేళ్ళు మైనర్ లీగ్స్‌లో తిరిగి ఇంటికెళ్ళి ఏదో ఒక ఉద్యోగం చూసుకుంటారు.

మైనర్ లీగ్స్ అంటే మన పాఠకులకి చెప్పాలి. కింద నుంచి మెట్లు ఉంటాయి, రూకీ, సింగిల్-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ, ఆ పైన మేజర్స్. చిన్న చిన్న ఊళ్ళు, బస్సు ప్రయాణాలు, రాత్రి మ్యాచ్ అయ్యాక బస్సెక్కితే తెల్లారేసరికి ఇంకో ఊరు. జీతం సీజన్ ఉన్న నెలలకే ఇచ్చేవాళ్ళు, 2021 ముందు దాకా కూడా సింగిల్-ఏలో కనీస జీతం వారానికి 290 డాలర్లు, అన్నిటికన్నా పై మెట్టు ట్రిపుల్-ఏలో 502 డాలర్లు. అమెరికాలో ఆ డబ్బుతో నలుగురు కుర్రాళ్ళు ఒక అపార్ట్‌మెంట్‌లో నేల మీద పరుపులేసుకుని పడుకోవాల్సిందే, మన స్టూడెంట్లు ఎమ్మెస్‌కి వచ్చిన కొత్తల్లో ఉన్నట్టే. డేవిస్ ఆ మెట్లు ఒక్కొక్కటీ ఎక్కాడు, లించ్‌బర్గ్, ఆల్టూనా, ఇండియానాపొలిస్, ఒక్కో ఊళ్ళో ఒక్కో ఏడాది. 2006 ఆగస్టులో పైరేట్స్‌కి మొదటి మ్యాచ్ ఆడేసరికి అయిదేళ్ళు గడిచిపోయాయి, వయసు ఇరవై అయిదు నిండి ఇరవై ఆరుకి దగ్గరపడింది.

ఏడాది తిరక్కుండానే 2007 జూలై 31న అతన్ని శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కి ఇచ్చేశారు, మ్యాట్ మోరిస్ అనే పిచ్చర్, అంటే మన బౌలర్ లాంటివాడి కోసం. ట్రేడ్ అంటే ఆటగాణ్ణి అడగరు, ఫోన్ వస్తుంది, రేపు ఫలానా ఊళ్ళో ఉండాలి అంటారు అంతే. జెయింట్స్‌లో చేరిన వారానికే ఆ టీమ్ స్టార్ బ్యారీ బాండ్స్ 756వ హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టి కెరీర్ రికార్డు బద్దలుకొట్టాడు, దేశం మొత్తం ఆ టీమ్ వైపే చూస్తోంది, చూసేది మాత్రం బాండ్స్‌ని. 2008 ఏప్రిల్లో జెయింట్స్ ఇతన్ని లిస్టులోంచి తీసేశారు. అలా తీసేసినవాణ్ణి వేరే టీములు కావాలంటే తీసుకోవచ్చు, దాన్ని వెయివర్స్ అంటారు. బే దాటితే అవతలి ఒడ్డున ఉన్న ఓక్‌లాండ్ తీసుకుంది.

ఇక్కడ ఒక విషయం నా గురించి చెప్పాలి, చెప్తేనే ఇది నాకు ఎందుకు ఇంత పట్టిందో అర్థమవుతుంది. నేను సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టర్‌ని. హార్ట్‌ఫర్డ్‌లో ఇన్సూరెన్స్ ప్రాజెక్టు, తర్వాత డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్, తర్వాత క్లీవ్‌లాండ్, ఇప్పుడు ఇక్కడ, మధ్యలో బెంచ్ మీద ఉన్న నెలలు వేరే. ఒక చోట అయితే శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి పిలిచి సోమవారం నుంచి రావక్కర్లేదన్నారు, ఆ ప్రోగ్రామ్ మొత్తం నేను రాసిందే, రెండేళ్ళు రాత్రుళ్ళు కూర్చుని రాశాను, అట్టపెట్టెలో నా కప్పు, దేవుడి ఫోటో, పిల్లాడి డ్రాయింగ్ సర్దుకుని కార్ దగ్గరకి నడుస్తుంటే కాళ్ళలో బలం లేదు. ఊళ్ళో నాన్నగారికి ఫోన్ చేస్తే ఆయన అడిగింది ఒక్కటే, నీ పని నచ్చలేదా వాళ్ళకి అని. లేదు నాన్నా బడ్జెట్ అయిపోయిందంట అన్నాను. ఆయనకి అర్థం కాలేదు, ఆ రోజుల్లో ఆయన ఒకే స్కూల్లో ముప్పై నాలుగేళ్ళు మాస్టారు. పని బాగా చేసినా పంపించేస్తారని ఎలా చెప్పాలి ఆయనకి. డేవిస్ కెరీర్ చూస్తే నాకు ఆ రోజు మాటలు దొరకనిదంతా అక్కడ కనిపిస్తుంది.

ఓక్‌లాండ్‌లో అతను ఏం చేశాడో చూడండి. 2009లో .305 యావరేజ్, అంటే వంద సార్లు బ్యాటింగ్‌కి ముప్పై హిట్లు, 41 బేసులు దొంగిలించాడు. 2010లో 50. ఇతని పని అదే, పరుగు. బేస్‌బాల్లో మూడు బేసులూ దాటి బ్యాటింగ్ మొదలుపెట్టిన చోటికి, అంటే హోమ్‌కి, ఇంటికి, తిరిగొస్తేనే రన్. బ్యాటర్ బంతి కొట్టకుండానే తర్వాతి బేస్‌కి పరిగెత్తి చేరడమే బేస్ దొంగిలించడం. బయటివాళ్ళకి అది ఊరికే పరిగెత్తడంలా ఉంటుంది కానీ అది ఎంత లెక్కతో కూడిన పనో క్రికెట్ చూసేవాళ్ళకి చెప్తే వెంటనే అర్థమవుతుంది. నాన్-స్ట్రైకర్ బౌలర్ చెయ్యి తిరిగేలోపు క్రీజు వదిలి రెండడుగులు ముందుకెళ్తాడు కదా, ఇక్కడ ఆ రెండడుగుల మీదే ఒక మనిషి బతుకు నడుస్తుంది. బేస్‌కీ బేస్‌కీ మధ్య 90 అడుగులు. పిచ్చర్ కదలడం మొదలుపెట్టి బంతి క్యాచర్, అంటే మన వికెట్ కీపర్ లాంటివాడి చేతికి చేరేసరికి సుమారు ఒక సెకను మీద మూడో వంతు, క్యాచర్ లేచి రెండో బేస్‌కి విసరడానికి రెండు సెకన్లు, అంటే మొత్తం మూడు సెకన్ల మీద కొంచెం, ఆ టైమ్‌లో వీడు చేరాలి. అందుకే డేవిస్ లాంటివాళ్ళు పిచ్చర్ల మడమ చూస్తూ కూర్చుంటారు, ముందు మడమ లేస్తే ఇంటివైపు వేస్తాడు, వెనక మడమ కదిలితే తన మీదకి విసిరి అవుట్ చెయ్యబోతున్నాడు. బెంచ్ మీద కూర్చున్న రోజు కూడా ఈ పని ఆగదు. కెరీర్ మొత్తం మీద అతను దొంగిలించిన బేసులు 415. రెగ్యులర్ సీజన్లలో హోమ్ రన్లు మాత్రం 62 మాత్రమే, పధ్నాలుగేళ్ళకి. ఈ 62 అంకె గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

2010 చివర్లో ఓక్‌లాండ్ అతన్ని టొరాంటోకి పంపించింది, అక్కడ మూడేళ్ళు, అక్కడా 34, 46, 45 బేసులు. తర్వాత డెట్రాయిట్ రెండేళ్ళకి 10 మిలియన్ డాలర్లు ఇచ్చింది. అవును, అది పెద్ద డబ్బే, కాదనను. కానీ అప్పటికి ముప్పై మూడేళ్ళ వయసు, 38వ రౌండ్ నుంచి ఆ కాగితం మీద సంతకం దాకా పన్నెండేళ్ళు పట్టింది. నేను అప్పుడు ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉన్నాను. 2014 జూన్ 30 రాత్రి, ఓక్‌లాండ్‌తో మ్యాచ్, డెట్రాయిట్ 4-1తో వెనకబడి ఉంది, ఆఖరి ఇన్నింగ్స్, మూడు బేసుల మీదా మనుషులున్నారు, ఓక్‌లాండ్ వాళ్ళ షాన్ డూలిటిల్ బంతి వేశాడు, డేవిస్ దాన్ని గోడ దాటించాడు. నలుగురూ ఇంటికి, 5-4. గ్రాండ్ స్లామ్‌తో మ్యాచ్ ముగిసిపోయింది. డూలిటిల్ అనే ఈ పేరు కూడా గుర్తుపెట్టుకోండి.

ఇక 2016. నేను క్లీవ్‌లాండ్‌కి మారిన ఏడాదే డేవిస్ కూడా క్లీవ్‌లాండ్‌కి ఒక ఏడాది కాంట్రాక్టు మీద వచ్చాడు, అప్పటికి ఆ టీమ్ పేరు ఇండియన్స్, ఇప్పుడు గార్డియన్స్. ముప్పై అయిదేళ్ళ వయసులో 43 బేసులతో, మేజర్స్‌లో ఉన్న రెండు లీగుల్లో ఒకటైన అమెరికన్ లీగ్ మొత్తానికి ఫస్ట్ వచ్చాడు. జూలై 2న టొరాంటోలో సింగిల్, డబుల్, ట్రిపుల్ (ఒక్క దెబ్బకి ఒకటి, రెండు, మూడు బేసులు చేరడం), హోమ్ రన్ నాలుగూ ఒకే మ్యాచ్‌లో కొట్టాడు, సైకిల్ అంటారు దాన్ని, అదీ ముందురోజు, మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్‌తో అయ్యే మ్యాచ్‌ని 19 ఇన్నింగ్స్ ఆడిన ఒళ్ళుతో. అయినా పేపర్లలో పేరు పెద్దగా రాలేదు, ఎందుకంటే టీమ్‌లో పెద్ద పేర్లు వేరే ఉన్నాయి.

నవంబర్ 2 రాత్రి వరల్డ్ సిరీస్, అంటే మేజర్ లీగ్స్ ఫైనల్, ఏడో మ్యాచ్, ఆఖరిది. దీపావళి వెళ్ళి మూడో రోజు, మా ఇంట్లో ఇంకా ప్రమిదలు కిటికీ గట్టు మీదే ఉన్నాయి, పక్కింటి ముసలాయన, పుట్టినప్పటి నుంచీ క్లీవ్‌లాండ్‌లోనే ఉన్న ఆయన, మా ఇంట్లో మ్యాచ్ చూడ్డానికి వచ్చాడు, మా ఆవిడ పెట్టిన అరిసె చేతిలో పట్టుకుని తినకుండా కూర్చున్నాడు. క్లీవ్‌లాండ్ గెలిచి అప్పటికి 68 ఏళ్ళు, 1948లో గెలిచారు. అవతల షికాగో కబ్స్ గెలిచి 108 ఏళ్ళు. రెండూ ఏడ్చిన ఊళ్ళే. ఎనిమిదో ఇన్నింగ్స్‌కి కబ్స్ 6-3తో ముందుంది. ఆ ఆరింట్లో ఒకటి డేవిడ్ రాస్ కొట్టాడు, 39 ఏళ్ళ క్యాచర్, అతనూ టీములు తిరిగినవాడే, అదే అతని ఆఖరి మ్యాచ్.

ఇద్దరు అవుటయ్యారు, ఇంకొకడు అవుటైతే ఇన్నింగ్స్ అయిపోతుంది. బేస్ మీద ఒక మనిషి. కబ్స్ వాళ్ళు అరోల్డిస్ చాప్‌మన్‌ని దింపారు, గంటకి 105 మైళ్ళ వేగం దాటి బంతి విసిరిన మనిషి, అంటే దాదాపు 170 కిలోమీటర్లు. అయితే ముందు రెండు మ్యాచ్‌ల్లోనూ అతన్ని బాగా వాడేశారు, చెయ్యి అలిసిపోయి ఉంది. బ్రాండన్ గయర్ డబుల్ కొట్టాడు, 6-4. తర్వాత డేవిస్ వచ్చాడు. ఆ సిరీస్‌లో అతను పెద్దగా కొట్టింది లేదు. పక్కింటాయన అరిసె ప్లేట్లో పెట్టేశాడు.

టీవీలో దగ్గరగా చూపించారు, అది నా కళ్ళలో ఇప్పటికీ ఉంది. డేవిస్ బ్యాట్ పిడి చివర పట్టుకోలేదు. కింద కొన్ని అంగుళాలు వదిలేసి రెండు చేతులూ పైకి జరిపి పట్టుకున్నాడు, చిన్నపిల్లలు బరువైన బ్యాట్ ఎత్తలేక పట్టుకుంటారు చూశారా, మేము మా అన్నయ్యల బ్యాట్‌తో ఆడేటప్పుడు అలాగే పట్టుకునేవాళ్ళం, అలా. హోమ్ రన్ కొట్టాలనుకునేవాడు ఎవడూ అలా పట్టుకోడు, దాంతో బ్యాట్ పొట్టిదైపోతుంది, బలం తగ్గుతుంది, కానీ వేగంగా తిప్పొచ్చు. అతనికి తన చేతుల సంగతి తెలుసు. అప్పటికి ముప్పై ఆరు నిండాయి, అవతల చాప్‌మన్, బంతికి బ్యాట్ ఆలస్యం కాకూడదు, అంతే. ఒక్కో బంతినీ అంచుతో పక్కకి నెట్టేస్తూ ఫౌల్ చేస్తూ బతికి ఉన్నాడు. తర్వాత ఒకటి కింద లోపలికి వచ్చింది. ఆ పొట్టి పట్టుతోనే తిప్పాడు. బంతి పైకి లేవలేదు, తాడు లాగినట్టు సూటిగా ఎడమవైపు గీత వెంట వెళ్ళి గోడ పైన కొద్దిలో దాటింది.

6-6.

పక్కింటాయన లేచి నా భుజాలు పట్టుకుని ఊపేశాడు, ఏడుస్తున్నాడు, డెబ్బై దాటిన మనిషి. వీధిలో ఇళ్ళలోంచి అరుపులు. స్టేడియంలో బాస్కెట్‌బాల్ స్టార్ లెబ్రాన్ జేమ్స్ పిల్లాడిలా గెంతుతున్నాడు. పధ్నాలుగేళ్ళలో 62 హోమ్ రన్లు కొట్టినవాడు, ఆ లెక్కలోకి రానిది ఇంకొకటి అక్కడ కొట్టాడు.

క్లీవ్‌లాండ్ గెలవలేదు. తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యాక వాన, 17 నిమిషాలు ఆట ఆగింది, తర్వాత పదో ఇన్నింగ్స్‌లో కబ్స్ రెండు రన్లు చేశారు, 8-6. చాలామందికి గుర్తులేనిది ఏంటంటే ఆ పదో ఇన్నింగ్స్ చివర్లో మళ్ళీ ఇద్దరు అవుటయ్యాక మళ్ళీ డేవిసే వచ్చాడు, మళ్ళీ కొట్టాడు, సింగిల్, గయర్ ఇంటికొచ్చాడు, 8-7. తర్వాతవాడు అవుట్, అయిపోయింది. ఒకవేళ క్లీవ్‌లాండ్ గెలిచి ఉంటే ఆ ఊళ్ళో అతనికి విగ్రహం పెట్టేవాళ్ళు, ఇది నా నమ్మకం. ఓడిపోయింది కాబట్టి కొన్ని వారాలకి కాంట్రాక్టు అయిపోయి వేరే టీమ్ వెతుక్కున్నాడు.

ఆ టీమ్ ఏదో తెలుసా, ఓక్‌లాండ్. ఆరేళ్ళ కింద టొరాంటోకి ఇచ్చేసిన ఓక్‌లాండే మళ్ళీ తీసుకుంది. 2017 ఆగస్టులో అక్కణ్ణుంచి బోస్టన్‌కి ట్రేడ్. 2018లో మళ్ళీ క్లీవ్‌లాండ్. ఎడిటర్ గారూ, మీ వాక్యానికి నా జవాబు ఇదే. నిలదొక్కుకోలేనివాణ్ణి వదిలేసిన టీమే రెండోసారి ఎందుకు పిలుస్తుంది? అదీ ఒక్క టీమ్ కాదు, రెండు టీములు. దగ్గర్నుంచి చూసినవాళ్ళకి ఆ మనిషి విలువ తెలుసు, దూరంగా ఉండి లెక్కలు చూసేవాళ్ళకే తెలియదు.

2019కి అతనికి 38 ఏళ్ళు. న్యూయార్క్ మెట్స్ వాళ్ళు మైనర్ లీగ్ కాంట్రాక్టు ఇచ్చారు, అంటే మళ్ళీ ట్రిపుల్-ఏ, మళ్ళీ సిరక్యూస్ టీమ్‌తో బస్సులు, కొడుకుల వయసున్న కుర్రాళ్ళ పక్కన. పదేళ్ళ పైన మేజర్స్‌లో ఆడినవాడు, ఫుల్ పెన్షన్ వచ్చే సర్వీసు కూడా అయిపోయినవాడు, ఇంట్లో కూర్చోవచ్చు. కూర్చోలేదు.

మే 22. సిరక్యూస్ టీమ్ పెన్సిల్వేనియాలో లీహై వ్యాలీ అనే చోట ఆడుతోంది. న్యూయార్క్‌లో మెట్స్ అవుట్‌ఫీల్డర్లు ఒకరి తర్వాత ఒకరు దెబ్బలు తగిలి పడిపోయారు. ఇతనికి కబురొచ్చింది, ఈ రాత్రికి రా అని. సుమారు వంద మైళ్ళు, మనకి విజయవాడ నుంచి రాజమండ్రి ఎంతో అంత. ఊబర్ బుక్ చేసుకుని బయల్దేరాడు, బిల్లు 243 డాలర్లు, అప్పటి రేటుకి పదిహేడు వేల రూపాయల దగ్గర. న్యూయార్క్ ట్రాఫిక్ సంగతి మీకు చెప్పక్కర్లేదు, చేరేసరికి మ్యాచ్ మొదలైపోయింది. వెళ్ళి డ్రెస్ వేసుకున్నాడు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో పించ్ హిట్టర్‌గా దింపారు, అంటే వేరేవాడి బదులు ఒక్కసారి బ్యాటింగ్ కోసం. వాషింగ్టన్ తరఫున బంతి వేస్తున్నది ఎవరనుకున్నారు, షాన్ డూలిటిల్. అయిదేళ్ళ కింద డెట్రాయిట్‌లో గ్రాండ్ స్లామ్ ఇచ్చినవాడే. డేవిస్ కొట్టాడు, మూడు రన్ల హోమ్ రన్. మెట్స్ 6-1.

నేను ఆ రోజు ఇక్కడ ఎడిసన్‌లో టీవీ ముందు ఉన్నాను, అది చూస్తుంటే నాకు ఒక పాత రాత్రి గుర్తొచ్చింది. మాది తెనాలి పక్కన ఊరు. చిన్నప్పుడు శ్రీరామనవమి పందిట్లో రాత్రంతా పద్యనాటకాలు. ఒకసారి నాటకం మొదలైపోయింది, రెండో రంగంలో వేషం కట్టాల్సిన ఆయనకి జ్వరం, ఇంకో ఊరి నుంచి వేరే ఆయన్ని పిలిపించారు. ఆయన ఆఖరి బస్సు దిగి, చంకలో సంచీతో పొలం గట్టు మీద నుంచి నడుచుకుంటూ వచ్చి, స్టేజీ వెనక పెట్రోమాక్స్ లైటు కింద చిన్న అద్దం గోడకి ఆనించి అరచేతిలో రంగు కలుపుకుని మొహానికి పూసుకుంటుంటే మేము పిల్లలం చుట్టూ చేరి చూశాం. ఎవరితోనూ మాట్లాడలేదు ఆయన, పెదాలు మాత్రం కదులుతున్నాయి, పద్యాలు నెమరేసుకుంటున్నాడు. హార్మోనిస్టు శృతి ఇవ్వగానే తెర పక్క నుంచి లోపలికెళ్ళి పద్యం ఎత్తుకున్నాడు, వన్స్‌మోర్ అన్నారు జనం. తెల్లారేసరికి ఆయన లేడు, మొదటి బస్సుకి వెళ్ళిపోయాడు. ఆయన పేరు కూడా మాకు తెలియదు. ఊబర్ దిగి వచ్చిన డేవిస్‌ని చూస్తుంటే ఆ పెదాల కదలికే గుర్తొచ్చింది నాకు.

అక్కడితో అయిపోయిందా అంటే లేదు. మళ్ళీ కిందకి పంపారు, మళ్ళీ పైకి పిలిచారు. సెప్టెంబర్ 14న డాడ్జర్స్‌తో మ్యాచ్, పిచ్చర్లు ఇటు జేకబ్ డీగ్రామ్, అటు ర్యూ, ఇద్దరూ ఒక్క రన్ కూడా ఇవ్వకుండా వేశారు, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బేసులు నిండి ఉన్నప్పుడు మళ్ళీ ఇతన్నే పించ్ హిట్టర్‌గా దింపారు, డబుల్, ముగ్గురూ ఇంటికి, 3-0. అది అతని ఆఖరి మేజర్ లీగ్ సీజన్.

ఇంకో విషయం కూడా మీ పేపర్ రాయాల్సింది ఉంది. డేవిస్‌ని తీసుకున్న 38వ రౌండ్ ఇప్పుడు లేనే లేదు. అప్పట్లో డ్రాఫ్ట్ 50 రౌండ్లు, తర్వాత 40 చేశారు, 2020లో కోవిడ్ పేరు మీద 5 చేశారు, 2021 నుంచి 20 రౌండ్లే. అదే సమయంలో మైనర్ లీగ్ టీములు 160 నుంచి 120కి తగ్గించేశారు. పోయిన టీముల్లో అతని సొంత ఊరి పక్కనే ఉన్న నార్విచ్ టీమ్ కూడా ఉంది. మంచి కూడా జరిగింది, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, మైనర్ లీగ్ కుర్రాళ్ళు 2022లో యూనియన్‌లో చేరారు, 2023లో ట్రిపుల్-ఏలో ఏడాదికి కనీస జీతం 35,800 డాలర్లు అయింది, ముందుకన్నా రెండింతలు దాటింది. ఉన్నవాళ్ళకి జీతం పెరిగింది, లోపలికి వచ్చే తలుపు ఇరుకైంది. ఇప్పుడు న్యూ లండన్ లాంటి ఊళ్ళో, చిన్న కాలేజీలో, కాళ్ళలో పరుగు తప్ప ఇంకేమీ లేని పద్ధెనిమిదేళ్ళ కుర్రాడు ఉంటే వాణ్ణి చూసేదెవరు? 20 రౌండ్లలో పేరు రాకపోతే ఎవరైనా విడిగా పిలిచి సంతకం పెట్టించుకోవాలి. ఒటానీ ఎలాగూ దొరికేవాడే, వెయ్యిమంది తర్వాత పేరు వచ్చే డేవిసే దొరకడు ఇక. కంప్యూటర్లో లెక్కలేసి ఈ తగ్గింపు చేసినవాళ్ళ మీద నాకు కోపం ఉంది, దాచుకోను.

మా అబ్బాయి ఇక్కడ టౌన్ లీగ్‌లో ఆడతాడు, పదకొండేళ్ళు. వాడు టీమ్‌లో అందరికన్నా చిన్నగా ఉంటాడు, పెద్ద పిల్లలు వేసే బంతికి బ్యాట్ ఆలస్యమైపోయేది. నేను వాడికి 2016 నాటి ఆ వీడియో చూపించి చేతులు పైకి జరిపి పట్టుకోమన్నాను. మొదట వాడు ఒప్పుకోలేదు, అలా పట్టుకుంటే ఫ్రెండ్స్ చిన్నపిల్లోడంటారు నాన్నా అన్నాడు. ఈయన వరల్డ్ సిరీస్‌లో ఇలాగే పట్టుకున్నాడు చూడు అన్నాను. ఇప్పుడు అలాగే పట్టుకుంటున్నాడు, బంతి తగులుతోంది.

నేను మిమ్మల్ని కోరేది పెద్దదేమీ కాదు. ఆ వాక్యం వెనక్కి తీసుకోమని కూడా అడగను. ఏడాదికి ఒక్కసారైనా స్పోర్ట్స్ పేజీలో ఇలాంటివాళ్ళకి అర పేజీ ఇవ్వండి, బేస్‌బాలే అక్కర్లేదు, మన రంజీల్లో పదేళ్ళు ఆడి ఐపీఎల్ వేలంలో పేరు పిలిచినా ఎవరూ చెయ్యెత్తని కుర్రాళ్ళు ఆంధ్రాలో, హైదరాబాద్‌లో ఉన్నారు, వాళ్ళ దగ్గరకి ఒక రిపోర్టర్‌ని పంపండి, వాళ్ళు పొద్దున్న ఎన్నింటికి లేస్తారో, కిట్ బ్యాగ్ ఏ బస్సులో వేసుకుని వెళ్తారో, సీజన్ లేనప్పుడు ఇల్లు ఎలా గడుస్తుందో అడిగి రాయమనండి. మొదటిది మాత్రం డేవిస్ మీద వెయ్యండి. బాక్స్ కట్టడానికి అంకె కావాలంటే 2019 మే 22 నాటి స్కోర్‌కార్డు తీసుకోండి, అతని పేరు పక్కన ఒక్కసారి బ్యాటింగ్, ఒక్క హోమ్ రన్, మూడు రన్లు ఉంటాయి, ఆ పక్కన ఊబర్ బిల్లు 243 డాలర్లు కూడా వెయ్యండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఎడిసన్, న్యూజెర్సీ